చేతులు కాలకముందే

మన క్యాంపుల్లో ఒంటి సంగతి ఎత్తితే చాలు, నవ్వులాట మొదలవుతుంది. రాత్రి స్నానం చేసి ఎవరైనా చేతులకు కాస్త నూనె రాసుకుంటే, "ఏం అన్నా, పెళ్లిచూపులకు పోతున్నవా?" అని పక్క మంచం నుంచి మాట వస్తుంది. చర్మాన్ని చూసుకోవడం ఆడవాళ్ల పని అనీ, సినిమా హీరోల సోకు అనీ మనలో చాలామందికి ఒక అభిప్రాయం. మగవాడి ఒళ్లు ఎండకు మాడితేనేం, సిమెంటుకు పగిలితేనేం, నెల తిరిగేసరికి ఇంటికి డబ్బు చేరితే చాలదా అనుకుంటాం. ఈ అభిప్రాయం తప్పని మేము గట్టిగా చెప్పదలిచాం.

మేస్త్రి సాయంత్రం పని దిగే ముందు తాపీని కడిగి తుడిచి పెట్టుకుంటాడు. కార్పెంటరు రంపానికి నూనె రాస్తాడు. డ్రైవరు టైర్లలో గాలి చూసుకోకుండా బండి తీయడు. మరి ఆ తాపీని, ఆ రంపాన్ని, ఆ స్టీరింగును పట్టుకునే చేతికి మనం ఏం చేస్తున్నాం? తాపీ విరిగితే స్టోరులో ఇంకొకటి ఇస్తారు. చెయ్యి పాడైతే స్టోరులో ఇవ్వరు. అది ఊరి నుంచి మనం తెచ్చుకున్నది, మళ్లీ ఊరికి తీసుకుపోవాల్సింది.

చర్మం అంటే అందం ఒక్కటే కాదు. చెమట పట్టించి ఒంటిని చల్లబరిచేది అదే. దుమ్ములో ఉండే క్రిములను లోపలికి రానివ్వకుండా అడ్డుకునేదీ అదే. అది పగిలితే పుండు, పుండు ముదిరితే చీము, చీము పడితే జ్వరం. జ్వరం వస్తే డ్యూటీ పోతుంది, ఓటీ పోతుంది. ఏళ్ల తరబడి సిమెంటు పని చేసినవాళ్లకు వేలి చివర గీతలు కూడా అరిగిపోతాయి. అప్పుడు హాజరు మెషీను మన వేలిని గుర్తుపట్టదు. అంటే చర్మం మన అన్నం ముద్దే కాదు, మన సంతకం కూడా. అందుకే ఈ వారం ఈ విషయం.

మనకు అమ్ముతున్నది ఏమిటి?

క్యాంపు పక్క గ్రోసరీలోకి వెళ్లి మగవాళ్ల క్రీము ఏదని అడగండి. ముందుగా చేతికి వచ్చేది తెల్లబడే క్రీమే. పగిలిన చేతికి మందు అడిగే మనిషికి తెల్లని ముఖం చూపించి అమ్ముతున్నారు. మన దేశంలో 2005లో ఇమామీ కంపెనీ మగవాళ్ల కోసమే 'ఫెయిర్ అండ్ హ్యాండ్‌సమ్' అని ఒక క్రీము తెచ్చింది. తర్వాత షారూఖ్ ఖాన్‌తో ప్రచారం చేయించింది. అప్పటిదాకా ఇంట్లో అక్కాచెల్లెళ్ల ట్యూబు చాటుగా వాడుకునే కుర్రాళ్లకు సొంత ట్యూబు దొరికినట్టయింది. 2020లో హిందుస్థాన్ యూనిలీవర్ తన క్రీము పేరులోంచి 'ఫెయిర్' అన్న మాటే తీసేసి 'గ్లో అండ్ లవ్లీ' అని మార్చుకుంది. అమ్మేవాళ్లే ఆ మాట పలకడానికి మొహమాటపడుతున్న రోజుల్లో, సెలవు మీద ఇంటికి పోయే ముందు నెల రోజులు ముఖం తెల్లబరచుకోవాలని మన తమ్ముళ్లు ఆరాటపడుతున్నారు.

మన రంగు లోపం కాదు. చర్మంలో మెలనిన్ అనే పదార్థం ఎక్కువగా ఉండటం వల్ల వచ్చిన రంగు అది. ఎండలో మనకు హాని చేసే కిరణాలను కొంతవరకు అడ్డుకునేది అదే. మన తాతలు, తండ్రులు పొలంలో నాగలి పట్టినప్పుడు వాళ్లకు గొడుగు పట్టింది ఈ రంగే. ఎడారి ఎండలో పని చేయడానికి వచ్చి, డబ్బిచ్చి మరీ ఆ గొడుగును చింపుకోవడం ఏం తెలివి?

ఇంకో ప్రమాదం కూడా ఉంది. లేబుల్ సరిగా లేని, ఎక్కడ తయారయిందో రాయని తెల్లబరిచే క్రీముల్లో పాదరసం కలిపే అలవాటు ప్రపంచమంతా ఉంది. పాదరసం మెలనిన్ తయారు కాకుండా ఆపుతుంది. అందుకే వారం పది రోజుల్లో ముఖం తేలికబడినట్టు కనిపిస్తుంది. కానీ అది చర్మంలోంచి లోపలికి దిగి మూత్రపిండాలను దెబ్బతీస్తుంది. పాదరసం మీద దేశాలన్నీ కలిసి చేసుకున్న మినమాటా ఒప్పందం ప్రకారం, 2020 తర్వాత క్రీముల్లో పది లక్షల పాళ్లకు ఒక పాలు మించి పాదరసం ఉండకూడదు. 2023లో ఆ కాస్త కూడా వద్దనీ, 2025 నాటికి పాదరసం కలిపిన సౌందర్య సామగ్రి మొత్తం ఆపేయాలనీ తీర్మానించారు. ఒప్పందం కాగితం మీద ఉంటుంది, డబ్బా మాత్రం ఇంకా ఎక్కడో ఒక చోట దొరుకుతుంది. కాబట్టి కొనేవాడే చూసుకోవాలి.

ఎండకు మందు బట్టే

సహజమైన చర్మరక్షణ అనగానే ఏదో ఆకు, ఏదో పసరు అనుకుంటాం. అన్నిటికన్నా సహజమైనది, అన్నిటికన్నా చవకైనది నూలు బట్ట. కరీంనగర్ రైతు తలకు రుమాలు చుట్టుకోకుండా పొలానికి పోడు. ఇక్కడి అరబ్బు సోదరులు తలకు గుత్రా, ఒంటికి మడమల దాకా కందూరా వేసుకునేది ఊరికే కాదు. చమురు దొరకక ముందు ఈ తీరం వాళ్లు ముత్యాల కోసం సముద్రంలో మునిగేవారు. జెల్లీచేపలు ఎక్కువగా ఉండే రోజుల్లో ఒళ్లంతా కప్పే నూలు బట్ట తొడుక్కుని నీళ్లలోకి దిగేవారు. వాళ్లూ మనలాంటి కూలీలే. ఏ క్రీమూ లేని కాలంలో ఒంటిని బట్టతోనే కాపాడుకున్నారు.

ఈ దేశంలో 2005 నుంచి ప్రతి ఎండాకాలం మధ్యాహ్న విరామం అమలులో ఉంది. జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 వరకు, మధ్యాహ్నం 12:30 నుంచి 3 గంటల దాకా నేరుగా ఎండలో, ఆరుబయట పని చేయించకూడదు. తప్పిన కంపెనీకి ఒక్కో కార్మికుడికి 5,000 దిర్హాముల చొప్పున, మొత్తం 50,000 వరకు జరిమానా ఉంది. మధ్యలో ఆపడానికి వీలులేని కొన్ని పనులకు మినహాయింపు ఉంది గానీ, అక్కడ కూడా చల్లటి నీళ్లు, నీడ ఏర్పాటు చేయాల్సిందే. ఫిర్యాదు చేయాలంటే కార్మిక మంత్రిత్వ శాఖ నంబరు 600590000.

అయితే ఒక సంగతి గమనించండి. వేసవిలో దుబాయ్‌లో సూర్యుడు నడినెత్తికి వచ్చేది గడియారంలో సుమారు 12:20కి. అంటే పొద్దున పది నుంచి పన్నెండున్నర దాకా ఉన్న ఎండ కూడా తక్కువదేమీ కాదు, విరామం మాత్రం ఆ తర్వాతే మొదలవుతుంది. ఆ రెండున్నర గంటలు మనకు దిక్కు మన బట్టే. చేతులు ముడిచి, బొత్తాలు విప్పి పని చేస్తే చల్లగా ఉంటుందనుకుంటాం. గాలి తగిలినంతసేపే ఆ సుఖం. నిండు చేతుల చొక్కా, మెడ వెనక, చెవుల మీద పడేలా హెల్మెట్ కింద ఒక తడి రుమాలు ఉంటే చర్మం మాడదు, ఒళ్లూ తేలిగ్గా ఉంటుంది. ముక్కు, చెవులు, పెదవులు బట్టతో కప్పలేం కాబట్టి వీలైనవాళ్లు అక్కడికి మాత్రం ఎస్‌పీఎఫ్ 30 ఉన్న సన్‌స్క్రీన్ కొనుక్కుంటే మంచిదే. కొబ్బరి నూనె రాసుకుంటే ఎండ తగలదన్న మాటను నమ్మకండి. నూనె ఎండను ఆపలేదు. పైగా ఎండలోకి పోయే ముందు నూనె పట్టిస్తే దుమ్మంతా అంటుకుని చెమటకాయలు లేస్తాయి.

సిమెంటు పాలలా కనిపిస్తుంది, నిప్పులా కాలుస్తుంది

చర్మానికి ఎండ కన్నా పెద్ద శత్రువు తడి సిమెంటు. మన చర్మం కాస్త పులుపు గుణం కలది. పుల్లదనాన్నీ క్షారాన్నీ కొలిచే పీహెచ్ లెక్కలో చర్మం సుమారు 5 దగ్గర ఉంటుంది. తడి సిమెంటు 12, 13 దగ్గర ఉంటుంది. అంటే అది గట్టి క్షారం, సున్నం లాంటిది. దీని గుణం ఏమిటంటే, పడ్డ వెంటనే మంట పుట్టదు. మోకాళ్లు కాంక్రీటులో ఆనించి గంటసేపు పని చేసినా, గమ్‌బూట్లలోకి కాంక్రీటు జారినా అప్పుడు ఏమీ అనిపించదు. సాయంత్రం క్యాంపుకు వచ్చి ప్యాంటు విప్పితే చర్మం ఊడి వస్తుంది. అది దురద కాదు, కాలిన గాయం.

రెండో దెబ్బ క్రోమియం. సిమెంటులో చాలా తక్కువ మోతాదులో ఉండే ఈ లోహం కొందరికి పడదు. ఒకసారి ఒంటికి పడకుండా పోయిందంటే ఇక జీవితాంతం పడదు. సిమెంటు ముట్టుకున్న ప్రతిసారీ చేతులు ఎర్రబడి, పగిలి, నీరు కారతాయి. అలా చేతులు పాడై పని మానుకున్న మేస్త్రీలు ప్రతి దేశంలోనూ ఉన్నారు. దీనికి విరుగుడు లేకపోలేదు. తయారీలోనే ఫెర్రస్ సల్ఫేట్ అనే ఇనుప లవణం కలిపితే ఆ క్రోమియం విషం విరుగుతుంది. డెన్మార్క్ 1980లలోనే ఈ పని చేసింది. 2005 జనవరి నుంచి ఐరోపా యూనియన్ మొత్తం, నీటిలో కరిగే ఆ క్రోమియం పది లక్షల పాళ్లకు రెండు పాళ్లు మించిన సిమెంటును మామూలుగా అమ్మకూడదని నియమం పెట్టింది. అక్కడి కూలీ చర్మానికి ఒక విలువ ఉందని చట్టం ఒప్పుకుంది. మన చర్మమూ అలాంటిదే కదా?

ఈ విషయంలో ఏ ఆకు పసరూ, ఏ నూనే గ్లౌజుకు బదులు కాదు. ఇదే మా వాదనలో అసలు మాట. నీళ్లు దిగని గ్లౌజులు, మోకాళ్లకు ప్యాడ్లు, ఎత్తు బూట్లు ఇవ్వడం కంపెనీ బాధ్యత. 2021 నాటి 33వ నంబరు కార్మిక చట్టం యజమాని మీద ఈ భారం పెట్టింది. గుడ్డ గ్లౌజులు సిమెంటు నీళ్లు పీల్చి చేతికి అంటిపెట్టుకుంటాయి, అవి ఉన్నా లేనట్టే. ఇక మన చేతిలో ఉన్నది కడుక్కోవడం. సిమెంటు పడితే విరామం దాకా ఆగకుండా వెంటనే మంచి నీళ్లతో కడగాలి. తాపీలు, బకెట్లు కడిగిన నీళ్లతో చేతులు కడిగితే సిమెంటుతోనే సిమెంటు కడిగినట్టు. బూటులోకి జారితే బూటూ మేజోడూ రెండూ విప్పి కడగాలి. ఫోర్‌మన్ తొందరపెడతాడు, నిజమే. కానీ చేతులు కాలాక ఆకులు పట్టుకుంటే లాభమేమిటి?

నూనె పని నూనెది

అలా కాపాడుకున్న చర్మానికి రాత్రిపూట సేవ చేయాలి. ఇక్కడ మన పాత పద్ధతులు బాగా పనికొస్తాయి.

మొదట కడగడం. గ్రీజు, రంగు వదలడానికి థిన్నరుతోనో, పెట్రోలుతోనో, బట్టలుతికే పొడితోనో చేతులు రుద్దుకోవడం సైట్లో మామూలు. మురికితో పాటు చర్మంలోని జిడ్డు కూడా పోతుంది, మర్నాటికి చేతులు గరుకు కాగితంలా అవుతాయి. వంటనూనె రెండు చెంచాలు చేతులకు బాగా పట్టించి రుద్దితే గ్రీజు, ఆరని రంగు వదులుతాయి. ఆ తర్వాత శనగపిండితో రుద్ది కడగండి. మన అమ్మలు పండగనాడు నూనె పెట్టి సున్నిపిండితో నలుగు పెట్టింది ఈ లెక్కతోనే. శనగపిండి లేని క్యాంపు వంటగది లేదు కదా. ఒంటికి కూడా రోజుకు రెండుసార్లు ఘాటు సబ్బు అక్కర్లేదు. చంకలు, గజ్జలు, పాదాలకు సబ్బు, మిగతా ఒంటికి నీళ్లు చాలు.

వేసవిలో మిద్దె మీది ట్యాంకు నీళ్లు మరిగినట్టే వస్తాయి. ఆ నీళ్లతో నేరుగా స్నానం చేస్తే ఎండకు మాడిన చర్మం ఇంకా ఎండిపోతుంది. పొద్దున డ్యూటీకి పోయే ముందే బకెట్ పట్టి మూత పెట్టి గది నీడలో ఉంచితే సాయంత్రానికి కాస్త చల్లబడుతుంది. బకెట్లు ఎక్కువైతే గదిలో చోటు చాలదు, అది నిజమే. ఆ గొడవ గదివాళ్లు వంతులు వేసుకుని తీర్చుకోవాల్సిందే.

స్నానం అయ్యాక ఒళ్లు పూర్తిగా ఆరకముందే, కాస్త తడి ఉండగానే కొబ్బరి నూనె పలచగా రాయండి. నూనె ఆ తడిని పోకుండా పట్టి ఉంచుతుంది. రాత్రంతా తిరిగే ఏసీ గాలి చర్మాన్ని ఎండగొడుతుంది కాబట్టి ఇది అవసరం. ఇది అమ్మమ్మ మాట మాత్రమే కాదు. 2004లో ఫిలిప్పీన్స్ డాక్టర్లు పొడిచర్మం ఉన్న 34 మంది మీద పరీక్ష చేశారు. రెండు వారాలు కొందరికి కొబ్బరి నూనె, కొందరికి మందుల షాపులో దొరికే మినరల్ ఆయిల్ రాయించారు. రెండూ ఒకే విధంగా పని చేశాయి, కొబ్బరి నూనె వల్ల హాని కనిపించలేదు. మన దగ్గర ఉన్న సీసా, ఖరీదైన సీసాకు తీసిపోలేదన్నమాట.

మడమలు, వేళ్ల సందులు, అరచేతుల్లో లోతుగా పగుళ్లు ఉంటే నూనె చాలదు, వాసలీన్ లాంటి గట్టి పూత కావాలి. దీని వెనక ఉన్న కథ మనం తెలుసుకోదగ్గది. 1859లో అమెరికాలో, పెన్సిల్వేనియాలో చమురు బావుల దగ్గర కూలీలు పంపు రాడ్లకు పట్టే మైనం లాంటి జిడ్డును తమ కోతలకు, కాలిన గాయాలకు రాసుకునేవారు. రాబర్ట్ చెస్‌బ్రో అనే ఆయన అది చూసి, శుద్ధి చేసి, 1872లో పేటెంటు తీసుకుని వాసలీన్ అని పేరు పెట్టాడు. చమురు బావి కూలీ కనిపెట్టుకున్న మందే ఈనాడు ప్రపంచమంతా వాడుతోంది. చర్మం చూసుకోవడం కూలివాడికి తగదని ఎవరైనా నవ్వితే ఈ సంగతి చెప్పండి. రాత్రి అది పగుళ్లకు పట్టించి, పాదాలకు పాత నూలు మేజోళ్లు తొడుక్కుని పడుకుంటే వారంలో తేడా తెలుస్తుంది.

సహజమైనదంతా మంచిది కాదు

నిమ్మకాయ సహజమైనదే. కానీ నిమ్మరసం చర్మం మీద ఉండగా ఎండలోకి వెళితే బొబ్బలెక్కి, నల్లమచ్చలు నెలల తరబడి ఉండిపోతాయి. మచ్చలు పోవాలని నిమ్మచెక్క రుద్దుకుని పనికి వెళ్లడం మచ్చలను పిలిచి తెచ్చుకోవడమే. పచ్చి వెల్లుల్లి నూరి కడితే చర్మం కాలుతుంది. కాలిన చోట టూత్‌పేస్ట్ పూయడం ఇంకో చెడ్డ అలవాటు. కాలిన గాయానికి మొదటి మందు ఇరవై నిమిషాలు మామూలు చల్లటి నీటి ధార, ఐసు కూడా వద్దు.

కలబంద గుజ్జు ఎండకు మండే చర్మానికి హాయినిస్తుంది. అయితే ఆకు కోయగానే కారే పసుపుపచ్చ పాలు దురద పెడతాయి, వాటిని పూర్తిగా కారనిచ్చి కడిగి లోపలి గుజ్జు మాత్రమే వాడాలి. వేపాకు మనకు దేవతలాంటిది, ఇక్కడ రోడ్ల పక్కన వేపచెట్లు కూడా చాలా ఉన్నాయి. కానీ అవి మునిసిపాలిటీ చెట్లు, వాటికి శుద్ధి చేసిన మురుగునీరు పెడతారు, పురుగుమందు కొడతారు. ఆ కొమ్మ విరిచి స్నానపు నీళ్లలో వేసుకోవద్దు. ఏది కొత్తగా రాసినా ముందు మోచేతి లోపల కొద్దిగా రాసి ఒక రోజు చూడండి. పచ్చి పుండు మీద మాత్రం ఏ ఆకూ, ఏ పొడీ వేయకండి.

ఒకడి దురద గదంతటిదీ

గజ్జల్లో గుండ్రంగా పాకే తామర, వేళ్ల సందుల్లో రాత్రిపూట నిద్ర పట్టనివ్వని గజ్జి, ఈ రెండూ మంచం మీద మంచం ఉన్న గదుల్లో సులువుగా పాకుతాయి. ఇవి మురికివాడని చెప్పే గుర్తులు కావు. ఇరుకు గదికి వచ్చే రోగాలు. సిగ్గుపడి దాచుకోవడం వల్లే ఎక్కువవుతాయి.

దాచుకున్నవాడు చేసే పని ఒకటే. ఊరి నుంచి వచ్చేవాడితో ఒక ట్యూబు తెప్పించుకుంటాడు. రాయగానే దురద ఆగుతుంది, మందు అద్భుతం అనుకుంటాడు. చాలా ట్యూబుల్లో ఉండేది స్టెరాయిడ్. అది దురదను ఆపుతుంది గానీ తామర క్రిమిని చంపదు. ఎరుపు కనిపించకుండా లోలోపల పాకనిస్తుంది, చర్మాన్ని ఉల్లిపొరలా పలచన చేస్తుంది. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టు. మన దేశంలో ఈ వాడకం ఎంత ముదిరిందంటే, 2018లో ప్రభుత్వం 14 రకాల స్టెరాయిడ్ పూతమందులను డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదని ఆదేశించింది. ట్యూబు మీద క్లోబెటాసోల్, బెటామెథాసోన్ అని ఉంటే, చదువు వచ్చిన తమ్ముడితో చదివించుకుని, డాక్టరు చెప్పకుండా రాయకండి.

గజ్జికి మందు ఒకడికి పెడితే చాలదు. కొత్తగా అంటుకున్నవాడికి నెల, నెలన్నర దాకా దురద పుట్టకపోవచ్చు, ఈలోగా అతని నుంచి మిగతావాళ్లకు పాకుతుంది. అందుకే డాక్టరు మందు ఇస్తే గదిలో అందరూ ఒకే రాత్రి రాసుకోవాలి. దుప్పట్లు, బట్టలు వేడినీళ్లలో ఉతకాలి. ఉతకలేనివి ప్లాస్టిక్ సంచిలో కట్టి వారం రోజులు పక్కన పెట్టాలి. తువాలు, బ్లేడు, మేజోళ్లు ఎవరివి వాళ్లవే. వేళ్ల సందులు తుడిచి ఆరబెట్టాకే బూటు తొడగాలి. షుగర్ ఉన్నవాళ్లు రోజూ రాత్రి పాదాలు వెలుతురులో చూసుకోవాలి. తాకితే స్పర్శ తెలియని పాలిపోయిన మచ్చ ఒంటి మీద ఉంటే ఆలస్యం చేయకుండా డాక్టరుకు చూపించాలి.

"అడిగితే పంపించేస్తారేమో"

ఇంత చెప్పాక మాకు తప్పకుండా ఎదురయ్యే మాట ఒకటుంది. "గ్లౌజులు అడిగితే ఫోర్‌మన్ మొహం మాడ్చుకుంటాడు, క్లినిక్కు పోతే ఆ రోజు జీతం పోతుంది, ఎక్కువ మాట్లాడితే ఊరికి పంపిస్తాడు. ఏజెంటు అప్పు ఇంకా తీరనే లేదు." ఈ భయం లేనిది కాదు. అప్పు మీద వచ్చినవాడికి ధైర్యం చెప్పడం సులువు, ఆ ధైర్యంతో బతకడం కష్టం. ఈ కష్టాన్ని మేము తక్కువ చేయడం లేదు.

అందుకే ఒంటరిగా అడగొద్దంటున్నాం. ఒక్కడు అడిగితే అది వాడి గొంతెమ్మ కోరిక అవుతుంది. పదిమంది కలిసి సేఫ్టీ ఆఫీసర్‌ను మర్యాదగా అడిగితే అది సైటు అవసరం అవుతుంది. అడగనిదే అమ్మయినా పెట్టదు. డాక్టరు ఖర్చుకు భయపడకండి. ఆరోగ్య బీమా అబుదాబి, దుబాయ్‌లలో ముందే తప్పనిసరి అయింది, దుబాయ్‌లో ఆ చట్టం 2013 నాటిది. షార్జా, అజ్మాన్, ఉమ్ అల్ ఖువైన్, రాస్ అల్ ఖైమా, ఫుజైరాల్లో 2025 జనవరి 1 నుంచి కొత్త వీసాకు, రెన్యువల్‌కు బీమా ఉండాల్సిందే. దాని సొమ్ము కట్టాల్సింది యజమాని, మన జీతంలో కోయకూడదు. మీ కార్డు ఎక్కడుందో, ఏ క్లినిక్కులో చెల్లుతుందో ఆఫీసులో అడిగి తెలుసుకోండి. డాక్టరుకు చూపించేటప్పుడు ఏం పని చేస్తారో, ఏ సిమెంటు, ఏ రంగు, ఏ నూనె ముట్టుకుంటారో తప్పక చెప్పండి. పని వల్ల వచ్చిన రోగమని డాక్టరు కాగితం మీద రాస్తే, ఆ కాగితం రేపు మీకు ఆధారం. దాన్ని ఫోన్‌లో ఫోటో తీసి ఇంటికి కూడా పంపి పెట్టుకోండి.

కంపెనీల వాళ్లు కూడా ఈ పేజీ చదువుతారని మాకు తెలుసు. ఒక జత మంచి గ్లౌజుల ఖర్చు, చేతులు పాడైన మేస్త్రిని పంపి కొత్తవాడిని తెచ్చుకునే ఖర్చులో ఎన్నో వంతు? టికెట్టు, వీసా, పని నేర్పే నెలలు లెక్క కట్టి చూసుకోండి. సైటులో చేతులు కడుక్కోవడానికి ఒక కుళాయి, ఒక సబ్బు పెట్టడానికి ఏ ఇంజినీరూ డ్రాయింగ్ గీయనక్కర్లేదు.

సోదరులారా, మేము కోరుతున్నది పెద్ద పని కాదు. ఈ వారం సెలవు రోజున గదిలో అందరూ కూర్చుని మూడు పనులు చేయండి. తెల్లబడే క్రీముకు పెట్టే డబ్బు కలిపి గదికొక పెద్ద కొబ్బరి నూనె సీసా, ఒక వాసలీన్ డబ్బా కొనండి. ఎవరికి దురద ఉందో, ఎవరికి చేతులు పగిలాయో సిగ్గుపడకుండా చెప్పుకుని, ఉన్నవాళ్లను తోడు వెళ్లి క్లినిక్కులో చూపించండి. గ్లౌజులు, కుళాయి గురించి అడగాల్సినవాళ్ల పేర్లు ఒక కాగితం మీద రాసి, అందరూ సంతకాలు పెట్టండి. వేలి గీతలు ఇంకా మిగిలి ఉండగానే ఆ సంతకం పడాలి.